ఎవరూ రాని చోటు

ఆసుపత్రి కంప్యూటర్ గదిలో పనిచేసే ఆవిడను అందరూ అక్క అనే పిలుస్తారు. గదిలోకి రాగానే జ్వరం చూసినట్టు సర్వర్ మీద అరచెయ్యి ఆనిస్తుంది, జడలో పెన్సిల్ గుచ్చుకుంటుంది, ఇక దానితో మాటలు మొదలుపెడుతుంది. మధ్యాహ్నం క్యాంటీన్లో కిటికీ పక్కన నిలబడే డబ్బా ఖాళీ చేస్తుంది. తొందర మనిషి అనుకుంటారు. నిజానికి అక్కడ ఖాళీగా ఉండేది ఒక్కటే కుర్చీ. దానిమీద రెండేళ్ల క్రితం రిటైరైన హెడ్ నర్సు కర్చీఫ్ ఇంకా పరిచే ఉంది.

ఈ వారమంతా కొత్త గ్రాఫిక్స్ కార్డు అక్కకు కొరకరాని కొయ్య అయింది. స్కాన్ బొమ్మలు గీసేందుకు సర్వర్ లోపలే మరో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్‌కు దాన్ని అప్పగించబోతే సర్వర్ ససేమిరా అంటోంది. రేపే ఒక పాప గుండెకు ఆపరేషన్. బొమ్మ కోసం డాక్టరు తలుపు దగ్గరే కాచుకున్నాడు. పదకొండింటికి అక్క దిగ్గున లేచింది. "దొరికింది డాక్టరుగారూ. కార్డుల వేడి కనిపెట్టే పాత నిఘా ఏర్పాటొకటి, ఇప్పుడెవరూ వాడనిది, ఈ కార్డు పేరు చెప్పి మెమొరీలో కాస్త చోటుకు కర్చీఫ్ వేసి కూర్చుంది. అది తీస్తేగానీ కార్డు కదలదు." "తీసెయ్యొచ్చా మరి?" "ఎవరూ రానప్పుడు ఎవరికోసమండీ ఆ చోటు అట్టేపెట్టడం?" అంటూనే దాన్ని తీసేసి సర్వర్‌ను మళ్లీ లేపింది. తెరమీద పాప గుండె ఎర్రగా వెలిగి మెల్లగా తిరగసాగింది. డాక్టరు ముక్కు తెరకు తగిలేంత వంగి, రంధ్రం ఎక్కడుందో వేలితో చూపించాడు. అక్క కాళ్లు నేలమీద నిలవలేదు. మధ్యాహ్నం ఆ ఊపులోనే డబ్బాతో క్యాంటీన్‌కు వచ్చి, కిటికీ వైపు నడుస్తూ సగం దారిలో ఆగింది. కర్చీఫ్ దుమ్ము దులిపి, నాలుగు మడతలు పెట్టి బల్లమీద ఉంచి, ఆ కుర్చీలో కూర్చుంది. తింటున్న వాళ్ల చేతులు ఒక్క క్షణం ఆగాయి. "ఆ ఉప్పు కాస్త ఇటివ్వండి" అంది అక్క.