సోమ్లక్క పేరు కోసేసింది నేనే

మీరు అబద్ధమాడుతున్నరు.

వారం నుంచి చూస్తున్న... "పాటలు ఊకె డౌన్‌లోడ్ చేసుకునేటోళ్లను లోపలెయ్యాలె", "కాపీరైట్ చట్టం ఇంకా గట్టిగ రావాలె" అని ఒకరు పోస్టు పెట్టుడు, నూరుమంది చప్పట్లు కొట్టుడు. మీ ఇంట్ల నకలు క్యాసెట్ ఒక్కటన్న లేకుండెనా? మెమరీ కార్డుల పాటలు నింపిచ్చుకోలేదా? నేను చేసిందైతే చెప్తున్న. మీరూ చెప్పండి.

మా చిన్నప్పుడు... మానుకోట పక్కన మా ఊరు. నాట్లకు పక్క తండా ఆడోళ్లు వచ్చేటోళ్లు. వాళ్లల్ల సోమ్లక్క ముందు పాట ఎత్తుకునేది. లంబాడి పాట... మాకు ఒక్క ముక్క సమజ్ కాకపోయేది. ఐనా మా అవ్వ బువ్వగంప నెత్తినుండంగనే ఒడ్డు మీద నిలవడి, పాట అయిపోయేదాక కదలకపోయేది.

నాయిన కొత్తగ టేప్‌రికార్డర్ కొన్నడు. నాట్లయిపోయిన దినం సోమ్లక్కను అరుగు మీద కూసోబెట్టి పాడమన్నడు.

"గిది నా గొంతు పట్టుకుంటదా పటేలా?"

"పట్టుకుంటది, నువ్వు పాడు."

ఆమె పాడలె. ముందుగాల పెట్టె దగ్గరికి వంగి, తెలుగుల, మెల్లగ చెప్పింది... "ఈ పాట మా మేనత్త కేస్లి నేర్పింది. పాడుతున్నది సోమ్లి." గప్పుడు ఎత్తుకున్నది. ప్రతి పాటకూ గంతే. ఎవలు నేర్పిండ్రో, ఎవలు పాడుతున్నరో చెప్పినంకనే పాట.

నాయిన నవ్విండు. "రేడియోల చెప్పినట్టు చెప్తున్నవేందే?"

"నవ్వకు పటేలా. పేరు చెప్పకుంట పాడితె మా తండల ముసలోళ్లు మూతి మీద కొడ్తరు."

చట్టం, కాపీరైట్ అని మీరు ఇయ్యాల అంటున్నరు... ఆమెకు గది అప్పుడే ఉండె. కాయితం లేదు, అంతే.

మానుకోటల క్యాసెట్ల దుకాణమాయన ఆ పాటలు ఇని ముచ్చటపడ్డడు. నకళ్లు తీస్తనన్నడు. క్యాసెట్ పట్టుకపోయింది నేనే. అప్పటికి నాకు పదేండ్లు. రెండు మిషన్లు పక్కపక్కన పెట్టి ఎక్కిస్తుంటె, నకలు క్యాసెట్ పొట్టిది, సైడు నిండిపోయింది, ఆఖరి పాట పట్టలె. నాకు అదే ఇష్టమైన పాట.

"ఆ మాటలెందుకన్నా? తీసెయ్యి. పాటలే ఉంచు," అన్న.

"తెలివిగల్ల పిల్లవే," అన్నడు. మొదటి నుంచి మళ్ల ఎక్కిచ్చిండు... ప్రతి పాట ముందు ఆపుడు, ఆమె చెప్పుడు అయినంక నొక్కుడు. ఆఖరి పాట పట్టింది. నేను ఎగిరిన.

అసలు క్యాసెట్ ఏమైంది? క్యాసెట్ ఎనుక ఉండే రెండు ప్లాస్టిక్ చెవులు ఇరగ్గొడితె దాని మీద మళ్ల రికార్డు కాదు... గది అందరికీ ఎరుకే. నేను ఇరగ్గొట్టలె. ఎండకాలం సెలవులల్ల దాని మీద సినిమా పాటలు ఎక్కిచ్చుకున్న.

నకళ్లు జనగామ బస్సులల్ల మోగినయి, ఘనపూర్ దిక్కు పెండ్లిళ్లల్ల మోగినయి. సోమ్లక్కకు దక్కింది ఆ దినం మా అవ్వ పోసిన చాయ.

సోమ్లక్క పోయి మూడేండ్లాయె. బిడ్డ జ్యోతి చెల్పూర్‌ల ఉంటది. పెనిమిటి కరెంటు ప్లాంటుల కాంట్రాక్టు కూలి. తల్లి పాటల నకలు ఒకటి దొరికిచ్చుకొని, ఫోన్ల ఎక్కిచ్చి, ఛానెల్ పెట్టింది. ప్రతి పాట ముందు తనే చెప్తది... మా అవ్వ సోమ్లి, నేర్పింది ఫలానా అని.

ఇగ ఒక కంపెనీ మోపైంది. గదే నకలు ఎక్కడ్నో కొనుక్కొని, "జానపద గీతాలు, సర్వహక్కులు మావే" అని పెట్టుకున్నది. రెండు గొంతులు ఒక్కటే అని ఛానెళ్లు నడిపిచ్చేటోళ్ల కంప్యూటర్ మిషన్ పట్టింది. జ్యోతికి రెండు హెచ్చరికలొచ్చినయి. మూడోది వస్తె ఛానెల్ మూత.

మొన్న ఫోన్ చేసింది. "నేను దొంగనంట అక్కా. మా అవ్వ పాటకు నేను దొంగనంట."

"వీడియోలు దించి దాసుకోరాదు బిడ్డా?"

"దాసుకున్న. గది కాదక్కా. ఛానెల్ పోతె మా అవ్వ పేరు కనవడే జాగ ఇంకోటి లేదు. సాక్ష్యం చూపియ్యిమంటున్నరు. మొదటి క్యాసెట్‌ల అవ్వ పేరు చెప్పిందట గద... మీ ఇంట్ల ఉందా?"

చెప్పిన. అంతా చెప్పిన. "గట్లనా అక్కా," అన్నది. తిడితె బాగుండు.

జనగామల మా స్టాఫ్‌రూముల ఈ ముచ్చటే తీస్తె సైన్సు సారు లేచిండు. "చట్టం చట్టమే మేడం. ఊకెనే దించుకుంటె పాట రాసినోడు ఏం తినాలె?"

"తినాలె సారూ, నేను కాదంటలేను. మరి సోమ్లి ఏం తిన్నది?"

"ఆమె రిజిస్టర్ చేయించుకోవాల్సింది."

"మోకాటిలోతు బురదల నాటేస్తున్న మనిషి ఏ ఆఫీసుకు పోవాలె?"

"మీతోటి మాట్లాడుడు కష్టం మేడం," అని ఫోన్ల తల పెట్టిండు. ఆ ఫోన్ల పాటలు ఎవలు కొనిచ్చిండ్రో నేనడుగలె.

నేను చట్టం వద్దంటలేను. ఎవలి చేతుల కాయితముంటె వాళ్లే పాటకు తల్లిదండ్రులనే చట్టం వద్దంటున్న. దించుకునే పిల్లలను దొంగలంటున్నరు... పేరు కోసేసి అమ్ముకునేటోళ్లను యజమానులంటున్నరు. పేరు కోసుడు ఎంత సులువు పనో నాకెరుక.

నేనడుగుతున్నయి ఇవి:

జ్యోతి మాట ఇనకముందు మూడో హెచ్చరిక పంపొద్దు.

ఫిర్యాదు మిషన్ కాదు, మనిషి ఇనాలె. తెలుగుల, లంబాడి భాషల ఇనాలె.

హక్కు మాదన్న కంపెనీ పాడిందెవరో, ఏ ఊరో ముందు చెప్పాలె. చెప్పలేకుంటె హక్కు లేదు.

ఇనుకునేందుకు దించుకున్నోన్ని, అమ్ముకునేటోన్ని ఒక్కతీరుగ చూడొద్దు.

నా తప్పు నేను సంతకం పెట్టి రాసిస్త. దాన్ని సాక్ష్యం కింద తీసుకోవాలె.

నేను చెరపకముందే మా నాయిన దోస్తులు అసలు క్యాసెట్ నుంచి ఒకటిరెండు నకళ్లు తీసుకపోయిండ్రు. ఘనపూర్, గంగారం దిక్కు మీ ఇండ్లల్ల, అటకల మీద, పాత డబ్బలల్ల చూడండి. పాటకు ముందు ఒక ఆడమనిషి పేర్లు చెప్తుంటె ఆపకుండ్రి, నాకు చెప్పుండ్రి.

కింద "ఆ రోజులే వేరు" అని రాయకండి. ఎప్పుడు వెతుకుతరో రాయండి.