సుంకప్ప ఎరుపు

ధర్మవరంలో పట్టునూలుకు రంగులద్దేవారు ఎందరున్నా సుంకప్ప ఎరుపు వేరు. ఎరుపులో మాత్రం ఎన్ని తరగతులు! చెంగావి, కుంకుమవన్నె, దానిమ్మగింజవన్నె. వాటికి విడివిడిగా పేర్లు పెట్టిన పూర్వుల కంటికి నమస్కరించక తప్పదు. ఆ చివరిది సుంకప్ప కాగులోనే పుట్టేది. రంగునీళ్లలో పులుపు సరిపోయిందో లేదో అతడు నాలుక కొసతో చూసేవాడు. తండ్రి నేర్పిన పద్ధతి. తమ్ముడు చంద్రప్పది నూలు పిండి ఆరవేసే పని. కాగు దగ్గరికి అతణ్ణి రానిచ్చేవాడు కాదు.

మూత్రం మొదటిసారి ఎర్రగా వచ్చిన నాడు సుంకప్ప నవ్వుతూనే చెప్పాడు.

"ఒంట్లోకి దిగినాదిరా రంగు."

"ఇంగేమన్నా! నిన్ను పిండితే ఒగ చీరకు సరిపోతాది" అన్నాడు చంద్రప్ప.

నొప్పి లేదు. రంగు పనివాడికి రంగు రావడంలో వింతేముంది? ఏడాది ఆ నమ్మకంతోనే గడిచింది. శ్రావణమాసంలో ఒకసారి వారం పొడుగునా ఆకుపచ్చ నూలే అద్దవలసి వచ్చింది. చేతులు మోచేతుల దాకా పచ్చబడ్డాయి. మూత్రం మాత్రం ఎర్రగానే వచ్చింది. దొడ్డిగోడ పట్టుకొని సుంకప్ప అలాగే నిలబడిపోయాడు.

అన్నదమ్ములు బెంగళూరు బండి ఎక్కారు. అక్కడి ఆసుపత్రిలో మూత్రాశయంలో గడ్డ అన్నారు. ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చిన రోజు డాక్టరు మాధవి తెర మీద చూపించింది.

"ఇవి కొన్ని ప్రొటీన్లు. అవి ఉన్నచోట గోధుమరంగు పట్టేలా చేస్తాం. రంగు చిక్కగా పడితే జబ్బు మొండిదని చాలామంది రోగులను చూసి తెలుసుకున్నారు."

సుంకప్ప తెర మీదికి వంగాడు.

"బలే పట్టిందమ్మా రంగు! యాడా తెలుపే ల్యాదు" అన్నాడు, అలవాటుకొద్దీ మెచ్చుకోలుగా. డాక్టరు కళ్లు దించుకుంది.

"అంటే బతకడనేనా?" అని అడిగాడు చంద్రప్ప.

"అలా కాదు. ఇలాంటి ఫలితం వచ్చినవాళ్లలో ఎక్కువమంది రెండేళ్లు దాటలేదు. దాటినవాళ్లూ ఉన్నారు. ఈయన ఎవరిలో పడతాడో పరీక్ష చెప్పదు. ఆపరేషన్ చేసి మందులిస్తే అవకాశం ఉంది. ఆలస్యమైతే అదీ పోతుంది."

చేదర్థకమంటే మన భాషలో మర్యాద గల రూపం. ‘ఇస్తే’, ‘అయితే’ అన్న చోటల్లా ఒక తలుపు తెరచి ఉంచుతుంది. చంద్రప్ప ఆ తలుపులన్నీ మూసుకొని ‘రెండేళ్లు’ ఒక్కటే మూట కట్టుకున్నాడు. బండి వేళ కనుక్కోవడానికి అతడు బయటికి వెళ్లినప్పుడు డాక్టరు సుంకప్ప పని గురించి అడిగింది.

"కొన్ని రంగులే ఈ జబ్బు తెచ్చి ఉండొచ్చు. ఇకమీదట ఎవరూ ఆ నీళ్లు నోట పెట్టకండి. మీ తమ్ముడికీ చెప్పండి."

బండి హిందూపురం దాటింది.

"న్నా, ఆ ఎరుపు నాకు చెప్పిడ్చు."

"ఆపరేషన్ అయినాంక చెప్తాలేరా."

"బల్ల మీదే పోతే? నాయన ఎరుపు నీతోనే పోవల్లనా? చెప్పు, అమావాస్య పోతూనే నేనే పిలుచుకపోయి చేర్పిస్తా."

తండ్రి పేరెత్తగానే సుంకప్ప కరిగిపోయాడు. పెనుకొండ కొండ కిటికీలోకి వచ్చేసరికి ఏది ముందు వేయాలో, మంట ఎప్పుడు తగ్గించాలో, నాలుకకు ఏ రుచి తగలాలో అంతా చెప్పేశాడు. ఆ మైకంలో డాక్టరు హెచ్చరిక గుర్తే రాలేదు.

అమావాస్య వెళ్లిపోయింది. దసరా చీరల తొందర వచ్చింది.

"ఎప్పుడు పోదాంరా?" అంటే, "రెండేండ్ల మనిషికి కడుపు కోపిచ్చేదెందుకన్నా? హాయిగా కూర్చో" అనేవాడు చంద్రప్ప. నూలు కోసం వచ్చినవారు మంచం మీది సుంకప్పను దాటుకొని పోయి ఎరుపు గురించి తమ్ముణ్ణే అడిగేవారు.

ఒక ఉదయం చంద్రప్ప కాగు మీదికి వంగి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

"న్నా, సరిపోయినట్లుండాది. నువ్వేమంటావు?"

డాక్టరు చెప్పిన మాట సుంకప్ప గొంతు దాకా వచ్చింది. తమ్ముడి పెదవి దానిమ్మగింజలా మెరుస్తోంది. ఆ మాటను అతడు నిదానంగా మింగాడు.

"సాలదురా. ఇంగా సూడు" అన్నాడు.

చంద్రప్ప మళ్లీ వేలు ముంచాడు.