తొమ్మిదో నంబరు చొక్కా

మా కంపెనీ డాక్యుమెంటేషన్‌లో నేను చేసిన తప్పు ఎక్కడా కనిపించదు. టూల్ ఏం చేస్తుందో, ఏం చేయదో మాత్రమే అక్కడ ఉంటుంది. దాన్ని రాసినవాడి అనుమానం ఒక అమ్మాయి ఉద్యోగం మీదికి ఎలా వచ్చిందో ఇంకెక్కడైనా రాసి ఉండాలి. అందుకే ఇది.

అమీర్‌పేటలో పదేళ్లుగా ఉంటున్నా ఒక్క కోచింగ్ సెంటర్ మెట్టు ఎక్కలేదు నేను. ఇంగ్లీషూ కంప్యూటరూ లైబ్రరీ పుస్తకాల్లో నేర్చుకున్నవే. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. లైబ్రరీ నేర్పిన ఇంకో అలవాటు, అచ్చైన మాటను వెంటనే నమ్మకపోవడం. ఒకే సంగతిని రెండు పుస్తకాలు రెండు రకాలుగా చెప్పడం చాలాసార్లు చూశాను.

పంజాగుట్టలో చీరల షాపు పైన మా ఆఫీసు. మా టూల్ కబడ్డీ, క్రికెట్ వీడియోలు చూసి ఏ సెకనులో ఏ ఆటగాడు ఏం చేశాడో పట్టికగా ఇస్తుంది. ఆ పట్టికను వాడుకునేవి ఏఐ ఏజెంట్లు, అంటే మనం పని చెబితే తమంతట తామే చేసుకుపోయే ప్రోగ్రాములు. ఏది ఎలా అడగాలో, వచ్చిన జవాబును ఎంతవరకు నమ్మాలో వాటికి రాసిపెట్టడం నా పని. మనిషైతే చదివి ముఖం చిట్లిస్తాడు. ఏజెంటు రాసినదంతా నమ్ముతుంది. కాబట్టి దాని వంతు అనుమానం కూడా నేనే పడాలి.

సనత్‌నగర్ ఫ్యాక్టరీ జట్ల కబడ్డీ వీడియో ఒకటి ఉదాహరణగా తీసుకున్నాను. అందులో తొమ్మిదో నంబరు ఆటగాడు మొదటి సగంలో ఎడమచేత్తో తాకి వస్తున్నాడు. రెండో సగంలో ప్రతిసారీ కుడిచేయి. ఎత్తు కూడా కాస్త తగ్గినట్టుంది. పట్టికలో మాత్రం ఒకడే.

పట్టికను వీడియోతో సరిచూసే అమ్మాయి నా వెనక వరుసలో కూర్చుంటుంది. నేతపని చేసే ఇంటి పిల్ల. కాంట్రాక్టు ఉద్యోగం, ఆ నెలాఖరుకు గడువు. ఆమె వీడియో చూడకుండానే ఓకే కొట్టేస్తోందని నాకు అనుమానం వచ్చింది. ఫైలు ఎన్నింటికి తెరుస్తోంది, ఎన్నింటికి మూస్తోంది, చీటీ మీద రాసుకున్నాను. ఫోన్ చూసుకుంటే అదీ రాశాను. మూడు రోజులయ్యాక మేనేజరుకు మెయిల్ పెట్టాను.

ఆయనది కోస్తా. “ఏంటండీ, చూడకుండానే ఓకే చేస్తోందా? అయితే కాంట్రాక్టు పొడిగించక్కర్లేదు. ఒక తలనొప్పి తగ్గింది,” అన్నారు.

మర్నాడు ఆ అమ్మాయి నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

“అన్నా, నా మీద మెయిల్ పెట్టినవంట. ఎనకనే కూసుంట గదా, జర తిరిగి అడిగితే మెడ నొస్తదా?”

“తొమ్మిదో నంబరు ఇద్దరిలా కనిపిస్తున్నాడు. నువ్వు ఒకడని వదిలేశావు,” అన్నాను.

“అవ్, ఇద్దరున్నరు. చొక్కా ఒకటే, మనిషి వేరే అని గమనికలల్ల రాసిన. నంబరు మార్చనీకి నాకు పర్మిషన్ లేదు. నువ్వు సదవలేదా?”

చదవలేదు. పట్టిక స్క్రీన్‌లో పట్టడం లేదని ఆ చివరి కాలమ్‌ను నేనే దాచేశాను. మనుషులు రాసే గమనికలు డేటా కాదని నా లెక్క. తెరిస్తే ఆమె చెప్పిన మాట అక్కడ ఉంది. అయినా నమ్మలేదు. మెయిల్ సంగతి తెలిశాక రాసి ఉంటుందనుకుని మార్పుల హిస్టరీ తీశాను. నా మెయిల్‌కు వారం ముందు తేదీ ఉంది.

తేదీని నమ్మినా సంగతి మీద నమ్మకం కుదరలేదు. ఆదివారం అదే జట్టు ఆట చూడటానికి సనత్‌నగర్ గ్రౌండుకు వెళ్లాను. ఆట మధ్యలో విరామమిచ్చారు. తొమ్మిదో నంబరువాడు బయటికొచ్చి చొక్కా విప్పి, చెమట పిండి, గోడ పక్కన కూర్చున్నవాడికి విసిరాడు. వాడు అదే తొడుక్కుని లోపలికి పోయాడు.

జట్టు కెప్టెన్‌ను అడిగాను. “ఏడు చొక్కలే కుట్టిచ్చినం భాయ్, నంబర్లు మాకు నచ్చినయి ఏసుకున్నం. బయటికొచ్చినోడు లోపలికి పోయేటోనికి ఇస్తడు.”

“మరి ఎవరు ఆడుతున్నారో ఎలా తెలుస్తుంది?”

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. “ముఖాలుంటయి గదా.”

సోమవారం పొద్దున్నే మేనేజరు ముందు నిలబడి జరిగింది చెప్పాను.

“మొన్న ఆ అమ్మాయి తప్పన్నారు. ఇవాళ చొక్కా తప్పంటున్నారు. రేపు నా తప్పంటారేంటి?”

“తప్పు నాదండీ. ముందు అది రాసుకోండి,” అన్నాను.

ఆమె కాంట్రాక్టు ఆరు నెలలు పొడిగించారు. చొక్కా నంబరును బట్టి మనిషిని తేల్చవద్దని, గమనికల కాలమ్ చదవకుండా జవాబివ్వవద్దని ఏజెంట్ల కోసం కొత్త పేజీ రాశాను.

పేజీ చివర సాయం చేసినవాళ్ల పేర్లు వేయడం మా ఆఫీసు ఆనవాయితీ. ఆమె పేరు అందరికంటే ముందు పెట్టి చూపించాను.

“తీసెయ్యి అన్నా. నువ్వు నా పేరు ఏడ రాసినా నాకు భయమే,” అంది.

తీసేశాను. మిగతా పేర్లూ తీసేశాను. కాబట్టి పేర్లు లేకుండానే ఇక్కడ చెప్పుకుంటున్నాను: ఆ కెప్టెన్‌కు, చొక్కా మార్చుకున్న ఆ ఇద్దరికి, పొడిగింపు మీద సంతకం పెట్టిన మేనేజరుకు కృతజ్ఞతలు. ఆ అమ్మాయి ఇప్పుడు నాతో పని మాటలన్నీ మెయిల్‌లోనే మాట్లాడుతుంది, ప్రతిదానికీ మేనేజరును కాపీలో పెట్టి. ఆమెకు నా క్షమాపణ కూడా అలాగే పంపాను.

“చూసిన,” అని జవాబు వచ్చింది.