పెరట్లో వేడెక్కిన కుప్ప

మా క్వార్టర్ వెనక ఉన్న జానెడు పెరడు కోసం నేను పడ్డ తిప్పలు పగవాళ్ళకు కూడా వద్దు. బొగ్గు దుమ్ము ఎటూ తప్పదు. పొద్దున ఆకులు కడిగితే సాయంత్రానికి మళ్ళీ నలుపే. అది చాలదన్నట్టు, నిరుడు మొక్కలు జల్దీ పెరగాలని మా ఆయన యూరియా గుప్పిళ్ళతో చల్లి బెండ మళ్ళన్నీ మాడ్చిపెట్టాడు. ఇక సంచి ఎరువు గడప దాటకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను.

బతుకమ్మ పేర్చగా మిగిలిన గునుగు కాడలు, తంగేడు రెమ్మలతో మొదలుపెట్టాను. రాలిన వేపాకులు, కూరగాయల తొక్కలు, అడిగి తెచ్చుకున్న పేడ కలిపి గోడవారగా కుప్ప వేశాను. ఎండలు ముదిరేలోగా అది మాగితే మళ్ళలో పరిచి, నల్లా సరిగా రాని రోజుల్లో కూడా మొక్కలను బతికించుకోవాలని నా ఆశ. చలికాలం పొద్దున కుప్పలోంచి ఆవిరి లేచేసరికి నా సంబరం అంతా ఇంతా కాదు.

మా ఆయనది గనిలో డ్యూటీ. ఆయన అన్న, నాకు బావ, గనిలో మంటలకే పోయాడు. ఆ ముచ్చట ఇంట్లో ఎవరూ ఎత్తరు. రాత్రి షిఫ్టు దిగి పొద్దున్నే వచ్చిన ఆయన కుప్పలో చెయ్యి పెట్టి గభాలున వెనక్కి తీసుకున్నాడు. కాలుతోందన్నాడు. బొగ్గు కుప్ప దానంతటదే వేడెక్కి అంటుకుంటుందట, ఇదీ అంతేనట. మాగే ఎరువు వేడెక్కక చల్లగా ఉంటుందా అని నవ్వీ నవ్వీ నాకు కడుపు నొప్పి వచ్చింది. పక్కింటి అక్కను పిలిచి మరీ చెప్పాను. ఆమె కూడా నవ్వింది. ఆయన చెయ్యి కడుక్కుని లోపలికి పోయాడు.

నేను బజారుకు పోయి వచ్చేసరికి కుప్ప మీద తడిమన్ను మెత్తి ఉంది. గనిలో మంటను మూసేసినట్టు, గాలి చొరబడకుండా చుట్టూ పూసిపెట్టాడు మహానుభావుడు! వారం తిరగకముందే మురిగిన గుడ్ల కంపు. పక్కింటి అక్క కిటికీలు మూసుకుంది. నా చాకిరీ అంతా బూడిదలో పోసిన పన్నీరే. ఒళ్ళు మండి, గడ్డపారతో ఆ మన్ను పగలగొడుతూ నోటికొచ్చినట్టు తిట్టాను. ఎరువుకు గాలి ఆడాలని ఎన్నిసార్లు మొత్తుకోవాలి, నాకు చెప్పకుండా ముట్టుకోవడమేమిటి అని అడిగాను.

ఆయన వచ్చి గడ్డపార పట్టుకున్నాడు.

"ఆ దినం గనిల కింద గూడ గిట్లనే సేతికి ఎచ్చగ తగిలింది. కాలుతాందని సెప్పిన. అందరు నవ్విన్రు. అన్న గూడ నవ్విండు."

నేను గడ్డపార వదిలేశాను.

మళ్ళీ కొత్త కుప్ప వేశాను. రోజూ డ్యూటీకి పోయేముందు ఆయన అందులో చెయ్యి పెట్టి, వేడిగా ఉందంటాడు. పొయ్యి మీద కూర మాడుతుంటే ఇదేం గోల అని విసుగొస్తుంది. అయినా పొయ్యి ఆపి వెళ్తాను. నేనూ చెయ్యి పెట్టి చూస్తాను.