కీర్తిశేషుల పేర్లు మాత్రమే

మొన్న కుండల్‌వాడి నుంచి మా ఆడబిడ్డ కూతురు వచ్చి, తన పెళ్లి పత్రిక మామయ్య, అంటే మావారి అక్షరాల్లోనే అచ్చు కావాలని పట్టుబట్టింది. బుట్టలో ఎత్తుకొచ్చే మేనమామ ఎలాగూ లేడు, కనీసం ఆయన రాతైనా పందిట్లో ఉండాలట. కాదనడానికి నోరు రాక, నాందేడ్‌లోని మా డీటీపీ దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చుని, వాళ్లమ్మ పెళ్లికి మావారు చేసిన పత్రిక ఫైలు తెరిచాను.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఇక్కడ మరాఠీ ఫాంట్లకు కొదవ లేదు గాని, తెలుగుది దొరకడమే గగనం, దొరికినా అక్షరం ఒక దిక్కు, ఒత్తు ఒక దిక్కు. అందుకని మావారు గళ్ల కాగితం మీద ఒక్కో అక్షరం గీసి సొంత ఫాంటు చేసుకున్నారు. నాతో నాలుగు మాటలాడటానికి తీరని మనిషికి ‘క్ష’ తలకట్టు సరిచేయడానికి మాత్రం ఎంతసేపైనా తీరేది. ఆయనకో పట్టింపు ఉండేది. పోయినవాళ్ల పేర్లు ఒక్కసారే టైపు చేసి, బొమ్మగా మార్చి, ఆ ఇంటి ప్రతి పత్రికలోనూ ఆ బొమ్మనే పెట్టాలి. “పోయినోళ్లను ఊకె పిలువద్దే, మర్లి చూస్తరు,” అనేవారు, నవ్వకుండానే.

ఫాంటు లేదని ఎర్రర్ వచ్చింది. కానిమ్మని నొక్కితే పెళ్లికొడుకు, పెళ్లికూతురు, మావారు, నేను, అందరం ఖాళీ గళ్లమైపోయాం. పైన కీర్తిశేషుల వరుస మాత్రం, మా మామగారు, ఆయన తల్లిదండ్రులు, నిన్న అచ్చయినట్టు నల్లగా నిలిచి ఉంది. బొమ్మలకు ఫాంటు అక్కర్లేదని తెలుసు, అయినా పట్టపగలు ఒళ్లు జలదరించింది. అది మూసి మర్ఖేల్ ఊరివాళ్ల పాత పత్రిక ఒకటి తెరిచాను. అక్కడా బతికున్నవాళ్లు ఒక్కరూ లేరు.

పత్రికల ఫైళ్లు సీడీల్లో మిగిలాయి గాని, ఆ ఫాంటు పాత మిషన్‌తోపాటే పోయింది, ఎంత వెతికించినా దొరకలేదు. ఇక కనీసం పెళ్లికూతురు పేరైనా ఆయన అక్షరాల్లో కావాలంటే పోయినవాళ్ల పేర్ల బొమ్మల్లోంచి ఒక్కో అక్షరం కత్తిరించి తీయాలి. శుభకార్యమాయె, చెయ్యి ఆడలేదు. ఆడబిడ్డకు ఫోన్ చేసి అడిగాను.

“మనోళ్లే గద వదినా, అడిగితే లేదంటరా? తీస్కో,” అంది.

తాతది ఒకటి, ముత్తవ్వది ఒకటి, ప్రతిసారీ మనసులో అడిగే తీశాను. పిల్ల పేరు నిండుగా కుదిరింది. ఇక కీర్తిశేషుల వరుస చివర మావారి పేరు చేర్చాలి. దుకాణంలో ఉన్న పత్రికలన్నీ తెరిచి, ఎన్ని ఇళ్ల పెద్దలను అడిగానో, ఆయన పేరులోని ఒక అక్షరం మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఏడుపొచ్చింది. చివరికి బజారు ఫాంటులోంచి తెచ్చి అతికించాను, చూసినవాళ్లెవరూ పోల్చుకోలేదు.

ఇప్పుడు ఫోన్‌లో ఏ తెలుగైనా తెరుచుకుంటుంది, గళ్లు రావు, ఎర్రర్లు రావు, ఆ సుఖం మన తరానికే తెలుసు. అప్పుడప్పుడు అందులో ఆయన పేరు కొట్టి చూసుకుంటాను. తడుముకోకుండా, ఒక్క అక్షరం లోటు లేకుండా వస్తుంది, ఎవరో వేరే మనిషి పేరులా.