టీచరమ్మ చెప్పిన దుర్భిక్షం

మా గల్లీ తెలుగు టీచరమ్మ పోయారన్న మాట మొన్న పొద్దున నీళ్ల ట్యాంకరు దగ్గర తెలిసింది. పక్కింటావిడ చెవిలో చెప్పింది. బిందె అక్కడే వదిలేసి పరుగెత్తానని రాస్తే బాగుంటుంది గానీ, లేదు, నిండేదాకా నిలబడ్డాను. ఈ ఎండాకాలం మనుషుల్ని అట్లా చేసింది. ఏడుపు ఇంటికొచ్చాక వచ్చింది.

మెదక్‌లో మావైపు ఆమె దగ్గర తెలుగు చదువుకోని ఇల్లు తక్కువ. నేను హైస్కూల్లో ఉండగా ఒక పాఠంలో ‘దుర్భిక్షం’ అనే మాట వచ్చింది. కరువు అని రాసుకోబోతుంటే ఆపారు. కరువు మన ఇంటి మాట, అదెక్కడ పుట్టిందో తనకూ గట్టిగా తెలియదన్నారు. తెలియదని ఒప్పుకున్న టీచరును నేను మళ్లీ చూడలేదు. దుర్భిక్షాన్ని మాత్రం విప్పి చూపించారు. భిక్ష అంటే అడిగితే పెట్టేది, అది దొరకడం కష్టమైతే దుర్భిక్షం.

“వాన పడకుంటె అనావృష్టి, అది మబ్బుల సంగతి. అడిగినోళ్లకు పిడికెడు దొరకకుంటె దుర్భిక్షం. అది మన సంగతి.”

క్లాసు కిటికీలోంచి చర్చి శిఖరం కనిపించేది. వెనకటి కరువులో ఆ చర్చి కడుతుంటే తన తాత రాళ్లు మోసి అన్నం తిన్నాడని, అట్లా బతికాడు గనకే తానున్నానని చెప్పి, మళ్లీ పాఠంలో పడ్డారు.

రిటైరయ్యాక తన బోరు పైపు గేటు బయటికి పెట్టించి, కింద నీలం డ్రమ్ము ఉంచారు. ఎండాకాలం గల్లీ అంతా అక్కడే. తాళం వేయమని కొడుకు పోరుపెట్టినా వినలేదు. లైన్లో మేం తిట్టుకుంటుంటే కుర్చీ వేసుక్కూర్చుని తిట్లలో తప్పులు దిద్దేవారు. సెలవులకు మా ఆడపడుచు పిల్లలతో దిగితే ‘కరువులో అధిక మాసం’ అని నేను సణిగాను. టీచరమ్మ ఇంకో రెండు బిందెలు పట్టుకోమన్నారు. అడిగినవాళ్లకు నీళ్లు లేవని చెప్పే రోజు రాకముందే పోవాలని మాత్రం అంటుండేవారు. ఆమె భయమల్లా అదే.

ఈ ఏడు ఆమె మంచం పట్టారు, బోరూ ఎండింది. ఆ సంగతి ఆమెకు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ట్యాంకరు వచ్చినప్పుడల్లా ఇంటికో బిందె ఆమె డ్రమ్ములో పోశాం. మేమేం దేవతలం కాదు. నడుములు విరుగుతుంటే విసుక్కుంటూనే పోశాం. దారినపోయేవాళ్లు ముంచుకునే చప్పుడు ఆమె మంచం దాకా వినబడాలి, అంతే.

ఒకనాడు ఆ డ్రమ్ములోని నీళ్లే గ్లాసుతో తాగించబోతే, గుక్కెడు తాగి నావైపు చూశారు.

“గివి మన బోరు నీళ్లు కావు బిడ్డా.”

అబద్ధమాడే ఓపిక నాకు లేదు. ఎండిపోయింది టీచర్ అన్నాను. మరెవరు పోస్తున్నారని అడిగారు. అందరం అన్నాను. గ్లాసులో మిగిలినవి కూడా తాగారు.

“అయితె గిది ఉత్త అనావృష్టే,” అన్నారు.

నిన్న ఆమెను సమాధి చేసి వచ్చేసరికి పొద్దు వాలింది. మబ్బు జాడ లేదు. ట్యాంకరూ రాలేదు. ఇక మంచం మీద వినేవాళ్లెవరూ లేరు. కాళ్లీడ్చుకుంటూ ఆమె గేటు దాటుతుంటే కనిపించింది. నీలం డ్రమ్ము అంచుదాకా నిండి ఉంది, దాని చుట్టూ నేల ఇంకా తడిగా ఉంది.