ఆవకాయ మరక, సోడా బజ్జీలు

2007లో, సాగర్ రోడ్డు పొడుగునా వెంచర్లు మొలుస్తున్న రోజుల్లో, ఇబ్రహీంపట్నంలో నాకు గ్రానైట్ దుకాణం ఉండేది. వంటగట్లు బిగించడం, పాలిష్ పట్టడం మా పని. ఒక కొత్త కాలనీలో మొదటి గట్టు స్కూలు టీచరు సరోజగారింట్లో బిగించాం. భీమవరం వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. ఆ గట్టు ఎలా ఉంటుందో చూశాకే తామూ రాయి తీసుకుంటామని చుట్టుపక్కల నాలుగిళ్ళవాళ్ళు ఆగారు.

మూడు నెలలకు సరోజగారి ఫోన్ వచ్చింది. "ఏవండీ, మీ రాయి పాడైపోయిందండీ. వచ్చి పీక్కుపోండి."

వెళ్ళి చూస్తే, లేత రంగు రాతి మీద పళ్ళెమంత నల్లటి మరక.

"గిది నూనె మరక అక్కా. ఈడ ఏమన్న పెట్టిన్రా?"

"నూనె చుక్క కూడా పడనివ్వనండీ. రోజూ నిమ్మచెక్కతో రుద్దుతున్నాను."

"నిమ్మకాయ వద్దక్కా, పులుపుతోని మెరుపు పోతది. మెత్తటి బట్ట, జర సబ్బునీళ్ళు చాలు."

వాళ్ళత్తగారు రత్తమ్మగారు గుమ్మం దగ్గర బియ్యం ఏరుతున్నారు. తల ఎత్తలేదు.

పౌల్టిస్ వేద్దామన్నాను. అంటే మరక మీద మందంగా పట్టించే ముద్ద. ఆరుతూ ఆరుతూ రాతిలో ఇంకిన నూనెను పైకి లాగుతుంది. మైదా, వంటసోడా నీళ్ళతో కలిపి పట్టించి, పైన ప్లాస్టిక్ కప్పాను. రెండో పూతకని మిగిలిన పొడి గిన్నెలో పోసి, మూతపెట్టి పక్కనే ఉంచాను. "రేపొస్త, ముట్టకున్రి" అని సరోజగారికి చెప్పి వచ్చేశాను.

మర్నాడు సాయంత్రం వెళ్ళేసరికి, మరక పోయిందో లేదో చూద్దామని వచ్చి, హాల్లో ఆ నాలుగిళ్ళ ఆడవాళ్ళూ ఉన్నారు. చేతుల్లో బజ్జీల పళ్ళేలు. ఎవరి నోరూ కదలడం లేదు.

"ఇండ్ల ఏమేసిన్రు పెద్దమ్మా? సబ్బు తిన్నట్టున్నది" అని చివరికి ఒకామె అనేసింది.

నేను వంటింట్లోకి పరిగెత్తాను. గిన్నె ఖాళీ. శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది.

"గిన్నెల పొడి ఏమాయె?"

"శనగపిండి చాల్లేదు నాయనా. మైదా కనపడితే కలిపేశాను" అన్నారు రత్తమ్మగారు.

"అయ్యో పెద్దమ్మా, అది రాయికి పెట్టే మందు!"

ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరట్లోకి ఉరికింది. "ఫికర్ చేయకున్రి, వంటసోడానే. నీళ్ళు తాగున్రి" అని అందరికీ నేనే గ్లాసులు అందించాను.

సరోజగారు నడుం మీద చేతులు పెట్టుకుని, "అత్తయ్యా, గట్టు మీద ఇంకేం చేశారు?" అన్నారు.

పెద్దావిడ, "మా అమ్మ ఇచ్చిన ఆవకాయ జాడీ బీటలిచ్చి నూనె కారుతోంది. చూస్తే పారేయమంటావని మంచం కింద దాస్తున్నాను. నువ్వు స్కూలుకెళ్ళాక తీసి గట్టు మీద పెట్టుకుంటున్నాను" అన్నారు.

అందరూ నావైపు తిరిగారు. రాయి తప్పు కాదని తేలిపోయింది. నేను నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ అంతమంది ముందు ఆ పెద్దావిడ ఒక్కతే దోషిలా నిలబడి ఉంటే నావల్ల కాలేదు.

"నా తప్పు గూడ ఉన్నదక్కా. సీలర్ వెయ్యలే. రాతిలకు నూనె దిగకుండ ఆపే మందు అది. తొందరల ఇడిసిపెట్టిన" అన్నాను.

ఇంకో రెండు పూతలకు మరక పోయింది. సీలర్ వేసి వచ్చాను. నలుగురిలో ముగ్గురు రాయి నా దగ్గరే తీసుకున్నారు. రెండు బజ్జీలు పూర్తిగా తిన్న నాలుగో ఆమె మాత్రం ఇంకో దుకాణానికి వెళ్ళింది.

అప్పటినుంచి ఏ ఇంటికెళ్ళినా, జాగ్రత్తలు చెప్పేముందు ఆ వంటింట్లో తిరిగేవాళ్ళందరినీ పిలిచి నిలబెట్టుకుంటాను. ఇక నావైపు లోపముంటే, మొదటి ఫోన్‌లోనే ఒప్పేసుకుంటాను. డెబ్బై ఏళ్ళావిడ తనే ముందుగా తప్పు ఒప్పుకున్నాక, ఆమె వెనకాల నిలబడి ఒప్పుకోవడం చాలా చిన్నతనంగా ఉంటుంది.